అంగుళానికో అడుగు

కంప్యూటరు తెర మీద చెక్క స్కేలు ఆనించి కొలిచే మనిషి లోకం మొత్తానికి ఒక్కడే ఉండి ఉంటాడు. ఆ ఒక్కడూ తనకే మామగారు కావాలా అని కోడలు పొద్దున్నుంచీ లోలోపల ఏడుస్తోంది.

“ఇందాక పదంగుళాలుంది. ఇప్పుడు పద్నాలుగైంది,” అన్నాడాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని. “పూటకో కొలత చూపించే సాఫ్ట్‌వేరు మనకెందుకమ్మా?”

“అది జూమ్ మామయ్యా. బొమ్మని దగ్గరికి లాక్కుని చూస్తున్నాం, అంతే. అసలు కొలత మారదు.”

“మారకపోతే స్కేల్లో ఎందుకు మారింది? స్కేలు అబద్ధమాడుతుందా?”

స్కేలు అబద్ధమాడదు. ఆ ఇంట్లో మనుషులు అప్పుడప్పుడూ అటూ ఇటూ మాట్లాడతారు గానీ స్కేలు మాత్రం ఏనాడూ మాట తప్పలేదు. మూడడుగుల పొడవు, అంచులు అరిగి నున్నబడిన టేకు చెక్క. మామగారి తండ్రి గోడల మీద రంగులతో బొమ్మలు వేసే రోజుల్లో చేయించుకున్నది. పెద్దాయన, అంటే మామగారు, దాన్ని చంకన పెట్టుకునే షాపుకు వస్తాడు, చంకన పెట్టుకునే ఇంటికి వెళ్తాడు. వీధిలో అందరూ ఆయన్ని స్కేలుగారు అంటారు. ఎదురుగా ఎవరూ అనరు.

వాళ్లది పెద్ద పోస్టర్ల షాపు. కూడళ్లలో గోడల మీదా, దుకాణాల నెత్తినా ఇనుప ఫ్రేములకు బిగించి కనిపిస్తాయే, అవి. కొలత పద్ధతి పెద్దాయన తండ్రి నాటిది. ముందు పెద్దాయన కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీస్తాడు. అడుగుకో అంగుళం లెక్క. పన్నెండడుగుల పోస్టరైతే పన్నెండంగుళాల కాగితం. దాన్ని చూసి అవే అంగుళాల్లో కంప్యూటరులో తయారుచేసి, నమూనా కాగితం ఒకటి తీసి ఆయన ముందు పెట్టాలి. ఆయన స్కేలుతో నాలుగు వైపులా కొలుస్తాడు. తర్వాత రోడ్డు దాటి అవతలి పేవ్‌మెంటు మీద నిలబడతాడు. ఇవతల ఎవరో ఒకరు నమూనాని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే, మధ్యలో వెళ్లే బస్సులను తిట్టుకుంటూ కళ్లు చికిలించి చూస్తాడు. తిరిగొచ్చి, సన్న కుంచెతో కుడి మూల ఒక ఎర్ర చుక్క పెడతాడు. చుక్క పడితేనే ఫైలు ప్రెస్సుకు వెళ్లాలి. ప్రెస్సువాళ్లు పెద్దది ప్రింటు చేసి గొట్టంలా చుట్టి పంపితే, కోడలి మొగుడు నిచ్చెన వేసుకుని ఫ్రేముకు బిగిస్తాడు.

ఇందులో కంప్యూటరు పని పదకొండేళ్లపాటు పెద్దాయన తమ్ముడు చేశాడు. కోడలికి చిన్నమామయ్య. నోట్లో నాలుక లేని మనిషి. అన్నగారు ఏమన్నా “అలాగే అన్నయ్యా” తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అలాంటి మనిషిని నెల కిందట, నలుగురు కస్టమర్లు కూర్చుని ఉండగా, ఏదో చిన్న ఆలస్యానికి పెద్దాయన పట్టుకుని దులిపేశాడు. “పనంతా నాది. నువ్వు చేసేదేముంది, బటన్లు నొక్కడమేగా! దానికి కూడా ఇంతసేపా?”

చిన్నాయన కంప్యూటరు తీగలు ఒక్కొక్కటే ఊడదీసి, చుట్టలు చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. కంప్యూటరు ఆయన సొంతం. దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఊరవతల వేరే కాపురం పెట్టాడని తెలిసింది. ఆయన పేరు ఆ షాపులో మళ్లీ ఎవరూ ఎత్తలేదు, ఎత్తకూడదని పెద్దాయన ఆజ్ఞ.

“పోతే పోయాడు. గొప్పంతా సాఫ్ట్‌వేరుదే. మంచిదొకటి చూసి కొంటే ఎవరైనా చేస్తారు,” అన్నాడాయన.

ఆ ఎవరైనా ఎవరో కాదు, కోడలే. అప్పటిదాకా ఆమె షాపులో విజిటింగ్ కార్డులూ, సీసాల మీది లేబుళ్లూ చేసేది. అవన్నీ ఉన్నంత కొలతలో ఉన్నట్టే తయారయ్యేవి, ఈ అడుగులూ అంగుళాల గొడవ ఆమెకు కొత్త. పెద్ద పోస్టర్లకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్లు మూడున్నాయని వెతికి పట్టుకుంది. మూడూ నెల రోజులు ఊరికే వాడి చూడమన్నాయి. చిన్నమామయ్య వాడింది ఏమిటో ఒక్క ఫోను చేసి కనుక్కుంటే తేలిపోయే విషయానికి మూడింటినీ వాడి చూడాల్సి వచ్చింది, ఆజ్ఞ అలాంటిది కాబట్టి.

మొదటిది నెలనెలా అద్దె కట్టి వాడుకునేది. తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డు అడుగుతుంది, పాస్‌వర్డు చెబితే నువ్వు నువ్వేనా అని ఫోనుకు ఇంకో అంకె పంపుతుంది. రంగులు కోటీ అరవై లక్షలకు పైగా ఉన్నాయని గొప్పగా చెప్పుకుంది. “నాకు పన్నెండు డబ్బాలు చాలు, మిగతావి తీసేయమను,” అన్నాడు పెద్దాయన. తీయడం కుదరదని చెబితే ఇది మన మాట వినే రకం కాదని అప్పుడే తేల్చేశాడు. జూమ్ గొడవ కూడా దీని దగ్గరే మొదలైంది. చివరికి ఒక నమూనా తెర మీద ఆయనకు ఎంత నచ్చిందంటే, కాగితం మీద తీసేదాకా ఆగలేక కుంచె ముంచి తెర అద్దం మీదే ఎర్ర చుక్క పెట్టేశాడు. అది ఎంత గీకినా పూర్తిగా పోలేదు. ఏ బొమ్మ తెరిచినా కుడి మూల ఆ చుక్క ఇప్పటికీ ఉంటుంది.

కళ్లజోళ్ల దుకాణం పోస్టరు దాని మీద చేశారు. పన్నెండడుగుల ఫ్రేము. పన్నెండంగుళాల నమూనా, స్కేలు, రోడ్డు, చుక్క, అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. పోస్టరు వచ్చింది. మొగుడు నిచ్చెనెక్కి ఒక మూల బిగించి, రెండో మూలకు లాగి, కిందికి చూశాడు.

“చాల్లేదు!”

“సరిగ్గా లాగరా!” అని అరిచాడు కింద నుంచి పెద్దాయన.

“లాగడానికిదేమన్నా రబ్బరా నాన్నా? రెండడుగులు తక్కువుంది. ఎత్తూ చాల్లేదు. అన్న ఒంటి మీద తమ్ముడి చొక్కాలా ఉంది.”

ఖాళీ ఫ్రేము కంటే చిన్న పోస్టరే నయమని, ఒకవైపు ఇనుము బయటికి కనబడేలా నాలుగు రోజులు దాన్నే వేలాడదీశారు. కోడలు వెంటనే ప్రెస్సుకు ఫోను చేసింది.

“మీరు పంపింది పంపినట్టే కొట్టామమ్మా. ఎప్పటిలాగే,” అన్నాడు ప్రెస్సాయన.

“ఎప్పటిలాగే అంటే ఎలా అండీ?”

“ఎప్పటిలాగే అంటే ఎప్పటిలాగేనమ్మా! పదకొండేళ్లుగా మీకెలా కొడుతున్నామో అలా.”

ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ పెద్దాయన పక్కన నిలబడి “వాళ్లని అడుగుతావేంటమ్మా, వాళ్లు మా నాన్న కాలం నుంచీ ఉన్నవాళ్లు. తప్పు ఈ సాఫ్ట్‌వేరుది. అద్దెకిచ్చేవాడు పూర్తి కొలత ఎందుకిస్తాడు?” అనేసరికి ఆమె ఫోను పెట్టేసింది. నిజం చెప్పాలంటే ఆమెకూ అనుమానం సాఫ్ట్‌వేరు మీదే. ఫైలు బయటికి పంపేటప్పుడు అది నలభై గళ్లున్న కిటికీ ఒకటి తెరిచేది. అందులో ఏ గడిలో ఏ తప్పు నొక్కానో అని ఆమె మూడు రోజులు నిద్రలో కూడా గళ్లే చూసింది.

రెండోది ఎప్పటికీ ఉచితం. ఉచితానికి తగ్గట్టే ఉంది. పెద్ద బొమ్మ తెరిస్తే చాలు, మంచులో గడ్డ కట్టినట్టు కదలకుండా నిలబడిపోయేది. కోడలు మౌసును బల్లకేసి కొట్టడం అప్పుడే మొదలుపెట్టింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు, ఇక్కడ మామగారి మీద కోపానికి మౌసులు రెండు బలయ్యాయి. పెద్దాయనకు మాత్రం ఈ సాఫ్ట్‌వేరు నచ్చింది. కదలకుండా ఉంటే స్కేలు పెట్టి కొలవడం తేలిక మరి.

దీని మీద చెప్పుల దుకాణానికి నిలువు పోస్టరు చేశారు, పద్దెనిమిది అడుగులది. పద్దెనిమిది అంగుళాల నమూనా. పెద్దాయన ఈసారి రెండుసార్లు కొలిచి, రోడ్డు కూడా రెండుసార్లు దాటి, కాస్త పెద్ద చుక్కే పెట్టాడు.

“చాల్లేదు!” అని అరిచాడు మొగుడు, మూడో అంతస్తు నుంచి. “ఈసారి మూడడుగులు!”

“ఊరికే వచ్చినదానికి ఊరికే వచ్చినంత బుద్ధి,” అన్నాడు పెద్దాయన. “మూడోది తెరువమ్మా.”

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత కోడలికి నాలుక చివరిదాకా వచ్చింది. మామగారి ముందు అనే మాట కాదు. కక్కలేక మింగలేక మంచినీళ్లు తాగింది.

ఆ మర్నాడే లైబ్రేరియన్ మేడమ్ షాపుకొచ్చింది.

కూడలిలో ఉన్న లైబ్రరీ గోడ ఆ షాపుకు మొదటి గోడ. ముప్పై అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. పెద్దాయన తండ్రి పరంజా కట్టుకుని చేత్తో బొమ్మ వేసింది దాని మీదే. తర్వాత పెద్దాయన వేశాడు. చేతిరంగుల కాలం పోయి ఫ్రేము వచ్చాక కూడా ఆ గోడ మీద వేరేవాళ్ల పోస్టరు ఒక్కటి పడలేదు. ఎంత పని ఉన్నా పెద్దాయన సాయంత్రం ఇంటికి ఆ దారినే, చుట్టు తిరిగి వెళ్తాడు. శుక్రవారం లైబ్రరీలో పిల్లల గది తెరుస్తున్నారు. దాని పోస్టరు ఈ షాపే చేయాలి.

మేడమ్ కూర్చోలేదు. “కళ్లజోళ్ల దుకాణం పోస్టరు చూశాను. చెప్పుల దుకాణందీ చూశాను,” అంది. “మా గోడకీ అలాగే కడతారా?”

“అది సాఫ్ట్‌వేరు లోపమండీ. ఇప్పుడు కొత్తది...”

“ఏ లోపమైనా నాకు గోడే కనిపిస్తుంది కదండీ. మా కమిటీ వేరే కంపెనీకి ఇచ్చేద్దామని ఉత్తరం కూడా తయారు చేసింది. ముప్పై ఏళ్ల పైమాట కదా, ఈ ఒక్కసారి చూద్దామని నేనే ఆపాను. శుక్రవారం పదింటికల్లా గోడ అంచు నుంచి అంచుకు నిండాలి. నిండకపోతే ఆ గోడ ఇక మీది కాదు.”

ఆవిడ వెళ్లాక పెద్దాయన స్కేలును గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. ఆ గోడ పోతే ఈ మనిషి సాయంత్రం ఏ దారిన ఇంటికెళ్తాడు అనుకుంది కోడలు. కోపమూ జాలీ ఒకదాని మీద ఒకటి పడి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడోది ఒక్కసారి కొనేస్తే సొంతమైపోయేది. దానితోపాటు అమ్మకం మనిషి ఒకాయన కూడా వచ్చాడు. సరిగ్గా అన్నం ముందు కూర్చునే వేళకు ఫోను చేసి “ఎలా ఉంది మేడమ్ మా సాఫ్ట్‌వేరు?” అని పరామర్శించేవాడు. పిల్లల గది పోస్టరు కోడలు దాని మీద మొదలుపెట్టింది. పుస్తకాన్ని నిచ్చెనలా ఎక్కుతున్న పిల్లలు. పెద్దాయన గీసిన బొమ్మ, నిజంగా బాగుంది. అదే వచ్చింది చిక్కు. మనిషి పనిలేనివాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈయనకు పని వచ్చు, పనివాడికి ఉండే పట్టూ ఉంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

బుధవారం మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లగానే కోడలు వెనక గదిలోకి వెళ్లింది. దించేసిన రెండు పోస్టర్లు అక్కడ చుట్టలుగా పడి ఉన్నాయి. చెక్క స్కేలు కాదు, మొగుడి ఇనుప టేపు తీసుకుని నేల మీద మోకాళ్ల మీద పాకుతూ కొలిచింది. పన్నెండు కావలసింది పది. పద్దెనిమిది కావలసింది పదిహేను. ఒకదానిలో రెండు పోయాయి, ఇంకోదానిలో మూడు. ఆరింటికి ఒకటి చొప్పున.

ఆమె టేపు వదిలేసి గోడకు ఆనుకుని కూర్చుంది. ఒకరికొకరు తెలియని ఇద్దరు దొంగలు వేర్వేరు ఇళ్లలో పడి సరిగ్గా ఆరో వంతే ఎత్తుకుపోతారా? అక్కడే కూర్చుని ప్రెస్సుకు ఫోను చేసింది. పక్కన మామగారు లేరు కాబట్టి ఈసారి ఆ ఒక్క ప్రశ్నా అడిగింది.

“మేం పంపిన ఫైలుని మీరు ఎన్ని రెట్లు పెద్దది చేస్తారండీ?”

“పది రెట్లు. అందరికీ అంతేనమ్మా. ఏం?”

ఏమీ లేదు. అడుగుకు పన్నెండంగుళాలు. ఇక్కడ షాపులో పన్నెండో వంతుకు కుదిస్తున్నారు. అక్కడ ప్రెస్సులో పది రెట్లు పెంచుతున్నారు. పన్నెండు అడుగులు పది కాక ఏమవుతాయి? మూడు సాఫ్ట్‌వేర్లు, నలభై గళ్లు, రెండు మౌసులు, మూడు వారాల తిండీ నిద్రా! కొండను తవ్వి ఎలుకను పట్టిన మనిషికైనా చేతిలో ఎలుక ఉంటుంది. తన చేతిలో బడిపిల్లల గుణకారం తప్ప ఏమీ లేదు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఇంకో అనుమానం వచ్చి నవ్వు ఆగిపోయింది. మరి పదకొండేళ్లు ప్రతి పోస్టరూ అంచుకు అంచు ఎలా సరిపోయింది?

ఆజ్ఞ సంగతి తర్వాత చూసుకుందామని చిన్నమామయ్యకు ఫోను చేసింది.

“నూట ఇరవై కొట్టేవాణ్ణమ్మా,” అన్నాడాయన, అదేదో చాలా మామూలు సంగతన్నట్టు. “అన్నయ్య చుక్క పెట్టాక, ప్రెస్సుకి పంపేముందు, సైజు దగ్గర వంద శాతం అని ఉంటుంది చూడు. దాన్ని నూట ఇరవై చెయ్యి. అంతే.”

“మామయ్యకి చెప్పలేదా?”

“మొదటి వారంలోనే చెప్పాను. ‘నాన్న స్కేలు తప్పంటావా’ అన్నాడు. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పదో రోజున పోస్టరు పంపాలి. నొక్కేస్తే పోలా అనుకున్నాను. ఒక్క మీటే కదమ్మా.”

“మరి మీరు ఏ సాఫ్ట్‌వేరు వాడేవారు?”

ఆయన నవ్వాడు. “ఏదైనా ఒకటేనమ్మా. ఈ పదకొండేళ్లలో నాలుగు మార్చాను. ఆయన గమనించలేదు.” మళ్లీ తనే అన్నాడు. “చెప్పకమ్మా ఆయనతో. చేతిరంగుల పనంతా పోయింది. ఆ స్కేలొక్కటే మిగిలింది ఆయనకి.”

కోడలు సరేనని ఫోను పెట్టేసింది గానీ ఒళ్లు మండిపోయింది. ఒకాయన చెబితే వినడు. ఇంకొకాయన వినడని చెప్పడు. ఇంతకాలం ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చుని, మధ్యలో తన బుర్ర కొరుక్కుతిన్నారు. అయినా అప్పుడు ధర్మాధర్మాలు చూసుకునే వేళ కాదు. గోడ శుక్రవారానికి నిండాలి. సాయంత్రం పెద్దాయన నమూనా తెమ్మన్నాడు. ముప్పై అంగుళాల కాగితం లేదు కాబట్టి నాలుగు కాగితాలు అతికించి తెచ్చింది. ఆయన కొలిచాడు. రోడ్డు దాటాడు. బస్సును తిట్టాడు. తిరిగొచ్చి చుక్క పెట్టి, “ఇది గనక తేడా వస్తే...” అని మొదలుపెట్టి ఆపేశాడు.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లగానే ఆమె వంద చెరిపి నూట ఇరవై కొట్టి పంపేసింది. అరక్షణం పట్టింది. దొంగతనం చేసినట్టు అనిపించింది. ఇలా పదకొండేళ్లా అనుకుంది.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు మొగుడు ఎడమ మూల బిగించాడు. కుడివైపు నిచ్చెన జరుపుకుని, ఎక్కి, లాగాడు. కింద పెద్దాయన స్కేలును ఛాతీకి అదుముకుని, పైకి చూడకుండా తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

“సరిపోయింది!” అన్నాడు మొగుడు. తనకే నమ్మకం కుదరక మళ్లీ చూసి, “నాన్నా, అంచుకి అంచు! వెంట్రుకంత కూడా తేడా లేదు!”

పెద్దాయన తలెత్తాడు. పుస్తకం నిచ్చెన మీద పిల్లలు గోడ నిండా ఉన్నారు. ఆయన గబగబా రోడ్డు దాటి అవతల నిలబడి చూసి, తిరిగొచ్చి, ఇంకోసారి దాటి చూసొచ్చాడు. మనిషికి పదేళ్లు తగ్గాయి. అది చూసి కోడలికీ కడుపు నిండింది. ఇంతకంటే ఏం కావాలి, రోజుకో మీట నొక్కితే పోతుంది, చిన్నమామయ్యే నయం అనుకుంది. నిజంగానే అనుకుంది. అలా ఒక రెండు నిమిషాలు గడిచాయి.

అంతలో లైబ్రేరియన్ మేడమ్ బయటికొచ్చి గోడను చివరి నుంచి చివరిదాకా చూసింది. “బాగుందండీ. ఆ ఉత్తరం చింపేస్తాను,” అంది. కోడలి వైపు తిరిగి, “కంప్యూటరు పని ఇప్పుడు మీరే చేస్తున్నారటగా? బాగా చేశారు.”

“మా కోడలిదేముందండీ,” అన్నాడు పెద్దాయన ఆనందంలో. “అది బటన్లు నొక్కుతుంది, అంతే! కొలత మా నాన్న స్కేలుది, మిగతా గొప్ప సాఫ్ట్‌వేరుది. ముందటి రెండూ పనికిరానివి. నేను మొదట్లోనే చెప్పాను. ఈ మూడోదే కొనేస్తున్నాం ఇవాళ.”

కోడలికి నెల కిందట తీగలు చుట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి.

“ముప్పై కాదు మామయ్యా,” అంది. “ముప్పై ఆరు.”

“ఏంటమ్మా?”

“నేను పంపింది ముప్పై ఆరంగుళాలు. మీరు ముప్పైకి చుక్క పెట్టారు. మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్లాక నేను పెంచి పంపాను. ప్రెస్సులో పెంచేది పది రెట్లే. మన అంగుళానికో అడుగు లెక్కకి పన్నెండు రెట్లు కావాలి. సాఫ్ట్‌వేరు ఏదీ తప్పు చేయలేదు. మొదటిది చేయలేదు, రెండోది చేయలేదు, ఇది గొప్పా చేయలేదు! మూడు వారాలు నేను ఆ పెట్టె ముందు కూర్చుని చచ్చాను మామయ్యా, బడిలో చెప్పే గుణకారం కోసం!”

గొంతు ఎంత పెరిగిందో నిచ్చెన మీద మొగుడు స్పానరు పట్టుకుని బిగుసుకుపోయినప్పుడు గానీ ఆమెకు తెలియలేదు. మేడమ్ ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయింది.

“ఇన్నేళ్లూ సరిపోయాయిగా!” అన్నాడు పెద్దాయన. కోపంగా అనబోయాడు గానీ అప్పటికే ఆయన ముఖంలో ఏదో జారిపోతోంది.

“చిన్నమామయ్య పెంచి పంపేవారు.”

“వాడా?”

“ఆయనే.”

“ఎప్పుడు?”

“రోజూ. పదకొండేళ్లు.”

“చుక్క పెట్టకముందా, పెట్టాకా?”

అబద్ధం చెబుదామా అని ఆమె ఒక్క క్షణం అనుకుంది. “పెట్టాకే మామయ్యా.”

పెద్దాయన వెళ్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాడు. స్కేలును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. గోడ వైపు చూశాడు. పోస్టరు కుడి మూల, చుక్క ఉండాల్సిన చోట, ఏ చుక్కా లేదు. అది నమూనా కాగితం మీదే ఉండిపోతుంది, గోడ దాకా ఎప్పుడూ రాదు. కోడలికి అన్నందుకు సిగ్గుగానూ ఉంది, అనేసినందుకు హాయిగానూ ఉంది. వెళ్లి రెండు మెట్లు కింద కూర్చుంది.

“వాడికి ఫోను కలుపు,” అన్నాడాయన.

పెద్దాయన ఫోను చెవికి ఆనించుకోడు, అద్దంలా ఎదురుగా పట్టుకుని మాట్లాడతాడు. అందుకని ఆమె స్పీకరు పెట్టి చేతికిచ్చింది. నాలుగు మోతలు మోగాయి.

“చెప్పమ్మా,” అంది చిన్నాయన గొంతు.

“నేనురా.”

అవతల ఎక్కడో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది. “అన్నయ్యా!”

“ఒకటడుగుతాను చెప్పు. ముప్పై అడుగుల గోడకి ఎంత గీయాలిరా?”

చిన్నాయన గొంతులో తడబాటు లేదు. “ముప్పై అంగుళాలే అన్నయ్యా. నువ్వు గీసి చుక్క పెట్టు. మిగతాది నేను చూసుకుంటానుగా.”

కోడలు రెండు చేతులతో తల పట్టుకుంది. ఇక ఈ వంశాన్ని ఎవరూ బాగుచేయలేరు.

పెద్దాయన స్కేలును మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. బొటనవేలితో దాని మీది గీతలు ఒక్కొక్కటే తడుముతూ పోయాడు. చివరిదాకా వెళ్లి ఆగాడు.

“ముప్పై ఆరురా,” అన్నాడు. “ముప్పై ఆరు. ఒక్కసారి నోరు విప్పి చెప్పు.”

“ముప్పై ఆరు, అన్నయ్యా,” అన్నాడు చిన్నాయన.

“ఊఁ.” పెద్దాయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. “రేపు పొద్దున్నే ఆ కంప్యూటరు పట్టుకుని వచ్చెయ్యి. ఇక్కడ కోడలు ఏ సాఫ్ట్‌వేరు కొనాలో తేల్చుకోలేక చస్తోంది.”

కోడలు నోరు తెరిచింది. నిచ్చెన మీద నుంచి మొగుడు వద్దు వద్దన్నట్టు స్పానరు ఊపాడు. ఆమె నోరు మూసుకుంది.